కుండలో పెద్దాయన

మబాంబా రేవు
2001 జూన్ 9

మేనత్తకు,

నువ్వు ఎదురుగా ఉంటే మోకాళ్ళ మీద కూర్చుని అడిగేదాన్ని: నిన్న ఎలా గడిచింది అత్తా, మసాకాలో వానలు తగ్గాయా, కుట్టు మిషను నిన్ను సతాయించడం మానిందా అని. కాగితం ముందు కూడా మోకాళ్ళ మీదే కూర్చున్నాను. బల్ల లేదు, అందుకు కూడా. నాలుగో తరగతితో ఆగిపోయిన నా రాతను దిద్దింది నువ్వే కాబట్టి ఇందులో తప్పులు నీ లెక్కలోకే వస్తాయి.

పెళ్ళయి మూడు నెలలు. ఇల్లు నీళ్ళ అంచున ఉంది. వాకిలి దాటితే జమ్ము, జమ్ము దాటితే నీళ్ళు, నీళ్ళు దాటితే మళ్ళీ జమ్ము. ఆయన తెల్లవారగానే తెల్లవాళ్ళను పడవ ఎక్కించుకుని బుల్వేను చూపించడానికి వెళ్తారు. ఒక్క పక్షి కోసం వాళ్ళు విమానాలెక్కి వస్తారు. బూడిద రంగట, నా భుజం దాకా ఎత్తట, ముక్కు అచ్చం చెక్క చెప్పులా ఉంటుందట. నేనింకా చూడలేదు. ఇక్కడ మా ఊరి ఆడవాళ్ళు పడవ ఎక్కకూడదు.

పక్కింట్లో కిజితో అనే ముసలాయన ఉన్నాడు, మా ఆయనకు తాత వరస. ఒకప్పుడు చేపలు పట్టేవాడు. "మా రోజుల్లో ఆ పక్షి కనబడితే అపశకునమని వల చుట్టేసి ఇంటికొచ్చేవాళ్ళం. అది కనబడిన రోజు పొయ్యి వెలిగేది కాదు. ఇప్పుడు చూడు పిల్లా, అది కనబడకపోతే మీ ఇంట్లో పొయ్యి వెలగదు!" అని నవ్వుతాడు. రోజు మొత్తానికి నాతో మాట్లాడేది ఆ ముసలాయన ఒక్కడే, అదీ తన చుట్టకు నిప్పు కావాల్సినప్పుడు.

అసలు సంగతి ఎలా రాయాలో తెలియక ఇంత రాశాను. వంటిల్లు వెనక ఒక పెద్ద కుండ ఉంది. అందులో మాంబా చేప ఉంది అత్తా. ప్రాణంతో. మన గోత్రానికి గుర్తు, మనం తినకూడని పెద్దాయన. బుల్వేకి మాంబా అంటే ప్రాణం కదా. అతిథులు వచ్చే ముందు రోజు ఈయన ఒకదాన్ని పట్టి తెచ్చి కుండలో ఉంచి, తెల్లారి పక్షి తిరిగే కాలవలో దారంతో కట్టేస్తారు. పక్షి దిగుతుంది. తెల్లవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు. "మిగతావాళ్ళు వెతుక్కుంటారు, నేను పిలుస్తాను" అని రేవులో గొప్పగా చెప్పుకుంటారట.

ఒకసారి ధైర్యం చేసి కుండ వైపు చూశాను, అంతే. ఆయనే అన్నారు, "నిన్ను తినమన్నానా? వండమన్నానా? ముట్టుకోను కూడా వద్దు. నాకు తెలీదేంటి." అంతకన్నా నేను ఏం అనగలను? వంట చేస్తుంటే వెనక నుంచి చప్పుడు వినిపిస్తుంది. మాంబా పైకి వచ్చి గాలి పీలుస్తుంది కదా, అప్పుడు ముసలివాళ్ళు నిట్టూర్చినట్టే ఉంటుంది. రోజంతా ఇంట్లో నాకు వినబడే ఊపిరి అదొక్కటే.

ఏం చెయ్యమంటావు?

నీ చెయ్యి పట్టుకుని పెళ్ళి పందిట్లోకి నడిచిన
నముబిరు

---

మసాకా
జూన్ 17

ఒసే నముబిరూ,

వ్యాను డ్రైవరు నీ ఉత్తరం ఇచ్చేటప్పటికి నేను ఒకావిడ జాకెట్టుకు చేతులు కుడుతున్నాను. చదివి ఆ చేతులు తిరగేసి కుట్టేశాను. ఆవిడ తిట్లు నీ ఖాతాలో రాసుకో.

చేపలు తినే నీరుకుక్క గోత్రం వాడికి మాంబా చేప గోత్రం పిల్లనిస్తున్నామని పెళ్ళినాడే జనం పళ్ళికిలించారు. "అత్తయ్యా, మీ మేనకోడలిని మావాడు కొరుక్కు తినడులే" అని వాళ్ళ వాళ్ళు హాస్యాలాడితే నేనూ నవ్వాను, బుద్ధి లేక. ఇప్పుడు చూడు, మన పెద్దాయన్ని తెచ్చి నీ పొయ్యి పక్కన కుండలో పెట్టాడు! వాళ్ళ నీరుకుక్కను తోలు ఒలిచి మన వాకిట్లో ఆరేస్తే ఊరుకుంటాడా మీ ఆయన?

పోట్లాడకు. పోట్లాట నీకు చాతకాదు, వచ్చినా అక్కర్లేదు. నోరు చెయ్యలేని పని చెయ్యి చేస్తుంది. వాడు రేవుకు వెళ్ళినప్పుడు మూత తీసి పెద్దాయన్ని నీళ్ళలో వదిలెయ్యి. ప్రతిసారీ వదిలెయ్యి. అడిగితే తెలియదను. ఇది మేనత్త మాట. ఆచారం ప్రకారం పెళ్ళిలో అల్లుణ్ణి వందమందిలో వేలు పెట్టి చూపించింది నేను, కాబట్టి ఇదీ నేనే చెప్పాలి.

కడుపు సంగతి రాయలేదు. సిగ్గుపడతావని తెలుసు. అవునైతే ఉత్తరం చివర ఒక చుక్క పెట్టు.

కోపంగా ఉన్నా నీదే అయిన
నాలుబేగ

---

మబాంబా
జూలై 8

అత్తా,

చుక్క లేదు. వెతకొద్దు.

నువ్వు చెప్పినట్టే చేశాను. నాలుగుసార్లు. సాయంత్రం ఆయన రేపటి అతిథులెవరో కనుక్కోవడానికి రేవుకు వెళ్తారు. అప్పుడు కుండను పక్కకు ఒరిగించి, అరటాకు అడ్డం పెట్టి, చెయ్యి తగలకుండా కాలవలోకి జార్చేస్తాను. మొదటిసారి పెద్దాయన వెంటనే వెళ్ళలేదు. నా పాదాల దగ్గరే కాసేపు ఆగాడు. నేను "వెళ్ళండి, వెళ్ళండి" అన్నాను. ఆ వారంలో నేను గొంతెత్తి మాట్లాడింది అంతే.

పొద్దున్నే ఖాళీ కుండ చూసి ఆయన కోప్పడతారని భయపడ్డాను. ఆయన తల గోక్కుని, చుట్టూ బురదలో జాడలు వెతికి, నవ్వేశారు. "ఇంకెవరు, మావాడే! నీరుకుక్క పని ఇది" అన్నారు. రెండోసారి మూత మీద రాయి పెట్టారు. మూడోసారి ఇంకా పెద్ద రాయి. కిజితో తాత బోను పెట్టమన్నాడు. ఆయన మొహం ఎర్రబడింది. "మా గోత్రం పెద్దాయనకు నేను బోను పెడతానా తాతా? ఆకలేసి వచ్చి ఉంటాడు. తిననీ." నాలుగోసారి ఆ ఖాళీ కుండ ముందు ఆయన టోపీ తీసి నిలబడ్డారు అత్తా. నేను లోపల అరటికాయల మటోకె ముద్ద చేస్తూ కిటికీలోంచి చూశాను.

ఎర లేక బుల్వే రావడం లేదు. ఈయనకు వెతికే అలవాటు లేదు. హెల్గా అని ఒక పెద్దావిడ నాలుగు రోజులు పడవలో కూర్చుని చూడకుండానే వెళ్ళింది. తుంటి నొప్పిట, మళ్ళీ రాలేనని చెప్పిందట. పదకొండేళ్ళు పోస్టాఫీసు జీతంలో మిగుల్చుకుని వచ్చిందట. చివరి రోజు మా వాకిట్లో చాప మీద కూర్చుంది. నేను అతిథి మర్యాదకు కాఫీ గింజలు పెడితే నమలడం రాక జేబులో దాచుకుంది. పుస్తకం తెరిచి బుల్వే బొమ్మ చూపించి, నీళ్ళ వైపు చూపించి, రెండు చేతులూ ఖాళీగా చాపింది. కళ్ళు తుడుచుకుంది. ఒకరి మాట ఒకరికి తెలియదు, అయినా చాలాసేపు కూర్చున్నాం. ఆవిడ వెళ్ళాక చాప తియ్యబుద్ధి కాలేదు.

నేను చేస్తున్నది సరైనదేనా?

నముబిరు

---

మసాకా
జూలై 20

పిచ్చి మొహమా,

సరైనదేనా అని మేనత్తనే అడుగుతావా? నీరుకుక్క మీదకు నేరం పోవడం కన్నా అదృష్టం ఏముంటుంది? వాడు బోను పెట్టలేడు, నిన్ను అనుమానించలేడు. నవ్వి నవ్వి నా సూది విరిగింది.

కానీ ఆ తెల్లావిడ సంగతి నాకు నచ్చలేదు. నాలుగు రోజులు మీ ఆయన పడవలో కూర్చుందా? ఐదో రోజు నీ చాప మీద కూర్చుని ఏడ్చిందా? పక్షి కోసం ఏ మనిషైనా ఏడుస్తుందటే! పెద్దావిడ అని నువ్వే అంటున్నావు, ఎంత పెద్దావిడో రాయలేదు. నీకు లోకం తెలియదు. నేను నేర్పినవన్నీ గుర్తున్నాయా? పొద్దున్నే స్నానానికి వేడినీళ్ళు పెట్టు, వేరుశనగ గింజల పులుసులో ఎండుచేప వెయ్యి, మాట్లాడేటప్పుడు నేల వైపు చూడు కానీ మధ్యలో ఒక్కసారి తల ఎత్తు. ఆ ఒక్కసారే ముఖ్యం.

వదలడం మాత్రం ఆపకు.

నాలుబేగ

---

మబాంబా
ఆగస్టు 26

అత్తా,

హెల్గాకు అరవై ఎనిమిదేళ్ళు. ముందే రాయవలసింది.

ఆయన వెళ్ళిపోయారు. ఈ రేవులో ఒక ఆనవాయితీ ఉంది. వరసగా మూడు పడవల వాళ్ళు పక్షిని చూడకుండా తిరిగొస్తే ఆ పడవవాడు వానలు ముగిసేదాకా తన వంతు వదులుకోవాలి. ఈయనకు అయిదు పడవలయ్యాయి. పడమటి అడవుల్లో ఆకుపచ్చ రొమ్ము ఉన్న చిన్న పిట్ట ఏదో ఉందట, దాన్ని చూడడానికి వెళ్ళే వాళ్ళకు సామాన్లు మోసే పని దొరికింది. నవంబరు చివరిదాకా రారు. పడవను ఒడ్డుకు లాగి బోర్లించి వెళ్ళారు.

వెళ్ళే ముందు కిజితో తాత వచ్చి, "ఆ పిల్ల కాలు పెట్టినప్పటి నుంచే ఇది" అన్నాడు, నేను వింటున్నానని తెలిసే. ఆయన సంచీ కట్టడం ఆపారు. "తాతా, నిప్పు కావాలంటే తీసుకెళ్ళు. నా భార్యను అనడానికైతే ఈ గుమ్మం తొక్కకు" అన్నారు. ఆయన ఎవరితోనూ అంత గట్టిగా మాట్లాడడం నేను వినలేదు. తర్వాత నాతో మెల్లగా, "బుల్వే నా మీద అలిగింది. అలక తీరాక వస్తుందిలే" అన్నారు. అప్పుడు చెప్పాలనుకున్నాను. సంచీ అందించాను. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆయన వీపునే చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు తాత కూడా రావడం లేదు. ఇద్దరికి సరిపడా అరటికాయలు ఒలిచి, సగం మర్చిపోయి వండి, సాయంత్రం మేకకు వేస్తున్నాను. నిన్న కుండ పక్కన కూర్చుని ఊపిరి చప్పుడు కోసం విన్నాను. ఖాళీ కుండ కదా.

నువ్వు ఒప్పుకుంటే ఆయనతో నిజం చెబుతాను. నా నోటితో చెప్పనా? మేనత్తవి కాబట్టి నువ్వు కబురు పెడతావా? నీ మాట మీద మొదలైన పని, నీ మాట లేకుండా విప్పలేను.

ఎదురుచూస్తూ,
నముబిరు

---

మసాకా
సెప్టెంబరు 9

నా తల్లీ,

అరవై ఎనిమిదేళ్ళంటే నమ్మాను. కానీ ఆ అడవిలో ఎవరున్నారో నీకు తెలుసా? పెళ్ళయి ఆరు నెలలు కాకుండా భార్యను బురదలో వదిలి పిట్టల కోసం మూటలు మొయ్యడానికి పోయినవాడు తిరిగి వస్తాడనుకుంటున్నావా?

నిజం చెప్పే పని పెట్టుకోకు. ఆడది ఒకసారి తప్పు ఒప్పుకుంటే ప్రతి వర్షాకాలం ఒప్పుకోవలసి వస్తుంది.

వచ్చెయ్యి. డ్రైవరుకు చెప్పాను, ఊరికే ఎక్కించుకొస్తాడు. నా గదిలో రెండో మంచం ఎప్పటినుంచో ఖాళీగానే ఉంది. నిన్న దాని మీద దుప్పటి కూడా మార్చాను. నువ్వు గుండీలు కుట్టు, నేను మిషను తొక్కుతాను. సాయంత్రం మాట్లాడుకోవడానికి ఒక మనిషి ఉంటుంది.

మంగళవారం వ్యాను చూసుకో.

నాలుబేగ

---

మబాంబా
అక్టోబరు 14

అత్తా,

అయిదు మంగళవారాలు వ్యాను వచ్చి హారను కొట్టి వెళ్ళింది. నేను బయటికి రాలేదు. నీ మాట దాటడం ఇదే మొదటిసారి.

పడవను తిరగేశాను. ఆడవాళ్ళు ఎక్కకూడదన్నది చేపల పడవ కదా, ఇందులో ఇప్పుడు చేపలు పట్టడం లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. గెడ వెయ్యడం రాక మొదటిరోజు గుండ్రంగా తిరిగాను. ఒడ్డు మీద కిజితో తాత, "ఓలమ్మో! ఇది పడవా, తిరగలా?" అని అరిచాడు. రెండో రోజు తనే మోకాలి లోతు నీళ్ళలోకి దిగి గెడ ఎలా పట్టుకోవాలో చూపించాడు. "నేను చూడలేదు, నాకేం తెలీదు, నా పేరు చెప్పకు" అంటూనే.

తొమ్మిదో రోజు చూశాను.

కలువల మధ్య నిలబడి ఉంది. ముందు అది మొద్దు అనుకున్నాను. పసుపు కన్ను కనబడ్డాక పక్షి అని తెలిసింది. నేను గెడ బురదలో గుచ్చి కూర్చున్నాను. పొగమంచు పోయింది, ఎండ వచ్చింది, నా నీడ చిన్నదయింది. అది ఒక్క ఈక కదల్చలేదు. దాని చుట్టుపక్కల ఇంకో బుల్వే లేదు. నాకూ ఎవరూ లేరు. అంతసేపు ఒకరికి ఒకరం అడ్డం రాకుండా ఉన్నాం.

మధ్యాహ్నం కావస్తుండగా ఒక్కసారిగా ముందుకు పడింది, గోడ కూలినట్టు. లేచేసరికి ముక్కులో మాంబా ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను, మళ్ళీ తెరిచాను. పెద్దాయన ఊరుకోలేదు. మెలి తిరిగాడు, తోకతో కొట్టాడు, ఒకసారి జారిపోయాడు కూడా. రెండోసారి దొరికాడు. ఆ పక్షి మీద నాకు కోపం రాలేదు. అది అంతసేపు నిలబడింది, పెద్దాయన అంతసేపు దాక్కున్నాడు. వాళ్ళ సంగతి వాళ్ళది. నాకు నొప్పి కలిగించింది ఆ కుండ, ఆ దారం. అది మా ఆయనకు చెప్పవలసిన మాట. చెప్పకుండా అరటాకు అడ్డం పెట్టుకున్నాను.

ఇప్పటికి పంతొమ్మిది రోజులు చూశాను. ఎప్పుడు ఎక్కడ నిలబడుతుందో కలెండరు వెనక గుర్తులు పెట్టాను. ఎర అక్కర్లేదు అత్తా. ఓర్చుకుని కూర్చునే మనిషి ఉంటే చాలు.

ఒక మాట అడుగుతాను, కొట్టకు. ఆ రెండో మంచం ఎందుకు కొన్నావు? మామయ్య ఇంటి నుంచి నువ్వు ఎందుకు వచ్చేశావో మాకెవ్వరికీ ఎప్పుడూ చెప్పలేదు.

నముబిరు

---

మసాకా
నవంబరు 11

నముబిరూ,

నీ ఉత్తరం నెల రోజులుగా మిషను సొరుగులో ఉంది. సొరుగు తీసినప్పుడల్లా మూస్తున్నాను.

ఇవాళ ఊరంతా మిడతలు. దీపాల కింద పిల్లలు మూకుళ్ళతో పరుగెత్తుతున్నారు, ప్రతి ఇంట్లో ఉల్లిపాయలతో వేపుడు వాసన. నా తలుపు మూసుకుని రాస్తున్నాను. నేను మిడతలు తినడం మానేసి ముప్పై ఒక్క సంవత్సరాలయింది. పంటి నొప్పి అని జనానికి చెబుతాను.

మీ మామయ్యది మిడతల గోత్రం. ఆ ఇంట్లో మిడత పొయ్యి ఎక్కకూడదు. నాకేమో చిన్నప్పటి నుంచి ప్రాణం. పెళ్ళయిన రెండో ఏడు ఇదే నెలలో ఆయన పొరుగూరు వెళ్తే గుప్పెడు వేపుకుని తిన్నాను. తిని, కడిగి, ఊడ్చి, అగరు వెలిగించాను. ఆయన వచ్చి చాప ఎత్తితే దాని కింద ఒక కాలు ఉంది. చిన్న మిడత కాలు. దాన్ని అరచేతిలో పెట్టుకుని, "నాకు చెప్పి ఉంటే ఆ రెండు రోజులూ నిన్ను పుట్టింటికి పంపేవాడిని కదా, హాయిగా తినేదానివి" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను తల వంచుకుని ఒక్క మాట అనవలసింది. దానికి బదులు, మీ గోత్రమూ మీరూ అని నోరు పారేసుకుని చాప చుట్టుకుని వచ్చేశాను. మా మేనత్త, "బాగా చేశావు, ఇక్కడే ఉండు" అంది. ఆవిడా ఒంటరిదే.

ఆయన మూడుసార్లు మనిషిని పంపాడు. నాలుగోసారి తనే వస్తాడని ఆ మంచం కొన్నాను. నాలుగో కబురు ఆయన చావు కబురు.

నీకు వదిలెయ్యమని రాసినప్పుడు గోత్రం కోసమే రాశాను. ఆపకు అని రాసినప్పుడు ఎందుకు రాశానో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. దుప్పటి మార్చినప్పుడు మాత్రం నాకు తెలుసు.

చెప్పెయ్యి. నేను కబురు పెట్టను. నీ నోటితోనే చెప్పు, అడ్డం ఏమీ పెట్టుకోకు. ఆయన ఏమన్నా నిలబడి విను.

నాలుబేగ

---

మబాంబా
డిసెంబరు 9

అత్తకు,

ఆయన నవంబరు ఇరవై ఆరున వచ్చారు. చిక్కిపోయారు, భుజాల మీద మూటల తాళ్ళ గుర్తులు. అతిథికి పెట్టినట్టు కాఫీ గింజలు పెట్టాను. తీసుకోబోతుంటే, "ముందు ఒక మాట వినండి" అన్నాను. మోకాళ్ళ మీదే ఉన్నాను కానీ నేల వైపు చూడలేదు. మొత్తం చెప్పాను. నీ పేరు చెప్పలేదు. నీళ్ళలోకి జార్చిన చేతులు నావే కదా.

ఆయన గింజలు నోట్లో వేసుకోలేదు. పిడికిట్లో బిగించి, తర్వాత జేబులో వేసుకున్నారు. "ఎన్ని నెలలు మా పెద్దాయన్ని దొంగను చేశాను!" అన్నారు. లేచి వెళ్ళి కుండ పక్కన నిలబడ్డారు. రెండు రోజులు మాట లేదు. అన్నం పెడితే తిన్నారు, చాప వేస్తే పడుకున్నారు. మనిషి లేనప్పటి ఒంటరితనం నాకు అలవాటైంది అత్తా. మనిషి ఎదురుగా ఉండగా ఉండే ఒంటరితనం అప్పుడు చూశాను. నువ్వు రాసినట్టే నిలబడ్డాను. వ్యాను మంగళవారం హారను కొట్టింది. చెవులు మూసుకున్నాను.

మూడో రోజు పొద్దున, అడుగు పగలగొట్టిన కుండ పెరట్లో మిరప మొక్క చుట్టూ కంచెలా నిలబడి ఉంది. ఆయన పడవ దగ్గర ఉన్నారు. "ఎక్కు" అన్నారు. నేను ముందు కూర్చున్నాను, దారి చూపించాను. కలెండరు ప్రకారం మూడో కాలవ మలుపులో ఉండాలి. లేదు. పొగమంచు పోయింది, ఎండ ఎక్కింది, కలువలు మూసుకున్నాయి. బుల్వే రాలేదు. అన్నీ తెలుసని చెప్పినదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను.

ఒడ్డుకు వచ్చేటప్పుడు ఆయన జేబులోంచి ఆ గింజలే తీశారు. ఒకటి పంటితో రెండు చేసి, సగం నమిలి, సగం నా చేతిలో పెట్టారు. "రేపు ఇంకొంచెం ముందు బయల్దేరదామా?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక గింజ నమిలాను. చేదుగా, బాగుంది.

నాలుగో రోజు చూశాం.

నిన్న ఆయన మళ్ళీ పడమటికి వెళ్ళారు. ఇంకో నెల పని చేస్తానని మాట ఇచ్చి వచ్చారట. జనవరిలో రేవులో వంతు తిరిగి వస్తుంది. మలుపు దగ్గర ఈసారి వెనక్కి తిరిగి, "రోజూ వెళ్ళి చూడు. ఎక్కడ నిలబడిందో నాకు రాయి. నీ ఉత్తరం నాకు ఎప్పుడూ రాలేదు" అని అరిచారు. నిజమే, ఇన్నాళ్ళూ నేను రాసింది నీకొక్కదానికే.

ఇల్లు మళ్ళీ చప్పుడు లేకుండా ఉంది. సాయంత్రాలు అలాగే పొడుగ్గా ఉన్నాయి. హెల్గాకు కూడా ఒక ముక్క రాయాలి, ఇంగ్లీషులో నువ్వు దిద్దాలి. ఏమని రాయాలో ఇంకా తెలియదు. ముందు, క్షమించమని.

మా ఇంట్లో రెండో మంచం లేదు, మొదటిదీ లేదు. చాప ఉంది. మిడతల నెల అయిపోయింది కాబట్టి ఎవరి గోత్రానికీ ఇబ్బంది లేదు. మంగళవారం వ్యాను ఎక్కి రా. నిన్ను పడవలో తీసుకెళ్తాను, ఎదురుచూడడం నీకు నేను నేర్పనక్కర్లేదు.

ఇవాళ దుకాణంలో రెండు కవర్లు కొన్నాను. ఇది మొదటిది, రెండోది పడమటికి.

నముబిరు